ఎదురుగా నిలబడ్డ పిల్ల

కోచమ్మ అన్నది ఆమె పేరు కాదు. కోచ్ అనే మాట చివర ఎవరో పిల్లవాడి తల్లి 'అమ్మ' అని తగిలించింది, అది కాస్తా అతుక్కుపోయింది. ఇప్పుడు కట్టుకున్నవాడు కూడా హుషారులో ఉంటే అలాగే పిలుస్తాడు. పగలంతా ఆమె ఆటవస్తువుల దుకాణం వెనక గదిలో కూర్చుని రాకెట్లకు తీగలు బిగిస్తుంది. సాయంత్రం కాగానే చేతులు దులుపుకుని, ఈతకొలను వెనకున్న రెండు టెన్నిస్ కోర్టుల్లో రెండోదానికి వెళ్లి, రాకెట్‌ను ఏ కొసన పట్టుకోవాలో కూడా తెలియని పిల్లలకు ఆట నేర్పుతుంది. మొదటి కోర్టు పెద్ద కోచ్‌ది. అక్కడ నేల నున్నగా ఉంటుంది, నెట్ బిగువుగా ఉంటుంది, జట్టులో చోటు దొరికిన పిల్లలు తెల్లటి బూట్లతో ఆడుతుంటారు. కోచమ్మ కోర్టులో నేల బీటలు వారింది. నెట్ నడుం జారి బొజ్జ వేసుకుని కూర్చుంటుంది.

ఆమె పాఠాలు మొదటి రోజుల్లో చూసినవాళ్లు ఇది టెన్నిస్ అంటే నమ్మరు. పిల్లలు రాకెట్ మీద బంతి పెట్టుకుని, నిండు పాలగిన్నె మోస్తున్నట్టు అడుగులో అడుగేసుకుంటూ నడుస్తారు. తర్వాత రాకెట్లు పక్కన పడేసి, నేలకు తగిలి లేచిన బంతిని ఉత్త చేతులతో పట్టుకుంటారు. పట్టుకోలేనివి గోడ దాటి ఈతకొలనులో పడతాయి. అక్కడి కాపలాదారు వాటిని ఒక్కొక్కటే ఇవతలికి విసురుతూ, బంతితోపాటు ఓ తిట్టు కూడా పంపుతాడు.

"టెన్నిస్ నేర్పమని పంపిస్తే ఈ బంతులాట ఏంటండీ?" అని ఒకసారి ఒక తండ్రి దబాయించాడు.

"మీవాడికి ఇంకా పట్టుకోవడమే రాలేదండీ, కొట్టడం ఎక్కణ్ణుంచి వస్తుంది? కావాలంటే మీరు రండి, మీకూ ఓ బంతి వేస్తాను" అంది కోచమ్మ. ఆయన వెళ్లి కారులో కూర్చున్నాడు.

ఆమెకు నోరెక్కువ. కానీ ఆ నోరు తిట్టడానికి పనికొచ్చినంతగా వివరించడానికి పనికిరాదు. మణికట్టు ఇలా, మోచెయ్యి అలా అని మొదలుపెడితే మధ్యలో తనకే దారి తప్పిపోతుంది. అందుకే ఆమెది ఒకటే పద్ధతి. పిల్లల్ని వరసగా నిలబెట్టి, తాను వాళ్లకు ఎదురుగా నిలబడి, "నోళ్లు మూసుకుని నన్ను చూడండి. నేనేం చేస్తే అది చెయ్యండి" అంటుంది. మొదటి రోజు కాస్త గందరగోళం అవుతుంది. ఆమె కుడిచెయ్యి ఎత్తితే సగంమంది ఎడమచెయ్యి ఎత్తుతారు, పక్కవాణ్ణి చూసి నాలుక కరుచుకుంటారు, నవ్వుకుంటారు, మార్చుకుంటారు. రెండో రోజుకల్లా సర్దుకుంటుంది.

ఇలా సర్దుకున్న పిల్లల్లో ఎవరో ఒకరి రాకెట్ నట్టనడుమ, ఒకానొక సాయంత్రం, బంతి సరిగ్గా తగులుతుంది. ఆ చప్పుడే వేరు. చెయ్యి నొప్పి పుట్టదు, బంతి తనంతట తానే వెళ్లాలనుకున్నట్టు నెట్ దాటిపోతుంది. కొట్టిన పిల్లో పిల్లాడో తన చేతిని తనే వింతగా చూసుకుంటారు. ఎన్నేళ్లుగా చూస్తున్నా కోచమ్మకు ఆ ముఖం పాతబడలేదు. దాని కోసమే వస్తున్నానని మాత్రం ఎవరితోనూ అనదు, పరువు పోతుందని.

పిట్ట అందరికంటే ఆలస్యంగా వచ్చి చేరింది. వీధి చివర బేకరీలో పనిచేసే తల్లి, సాయంత్రాలు కొట్లో రద్దీగా ఉంటుందని, పిల్లను తెచ్చి కోర్టులో దింపింది. సన్నటి కాళ్లు, పెద్ద పెద్ద కళ్లు. పిట్ట అని పేరు పెట్టిందీ కోచమ్మే. మొదటి రోజుల గందరగోళం ఈ పిల్ల చూడలేదు. వచ్చీ రావడంతోనే వరస మధ్యలో, సరిగ్గా కోచమ్మకు ఎదురుగా నిలబడింది. ఎడమచేత్తో రాకెట్ అందుకుంది.

కోచమ్మకు లోలోపల లాటరీ తగిలినంత సంబరమైంది. ఎడమచేతివాటం ఆటగాళ్లంటే అవతలివాళ్లకు హడలు. బంతి ఎప్పుడూ అనుకోని వైపు నుంచి వస్తుంది. "నీకు సుఖమే! నన్ను అద్దంలో చూసుకుంటున్నట్టు చూసి చెయ్యి, చాలు" అంది.

పిట్ట చూసింది. రెప్ప వెయ్యడం కూడా మరిచిపోయి చూసింది. ఆ తర్వాత జరిగిందాన్ని కోచమ్మ ఇంటికెళ్లి మొగుడికి చెప్పబోయి, మాటలు దొరక్క ఊరుకుంది. ఏదైనా ఒక్కసారి చేసి చూపిస్తే చాలు, పిట్ట చేసేసేది. ఇంచుమించుగా కాదు, అచ్చంగా. మడమ ఎంత లేస్తే అంత, నడుం ఎంత తిరిగితే అంత. మిగతా పిల్లలకు నెల పట్టేది ఈ పిల్లకు ఒక సాయంత్రం పట్టేది. పిట్ట ఫోర్‌హ్యాండ్ కొడుతుంటే కోచమ్మ నోరు కూడా మూతపడిపోయేది. ఇన్నేళ్లలో ఎందరో చురుకైన పిల్లల్ని చూసింది. ఇలాంటి కళ్లను చూడలేదు. ఒక్కోసారి ఆ పిల్ల తనవైపు చూస్తుంటే, భయంలాంటిది ఏదో వేసేది.

ఈ సంగతి పక్క కోర్టుకూ పాకింది. పన్నెండేళ్లలోపు పిల్లల జట్టులో ఒక చోటు ఖాళీగా ఉంది. పెద్ద కోచ్ ఒకనాడు కంచె దగ్గరకొచ్చి, "నీ పిట్టను ఆదివారం చూస్తానక్కా. నచ్చితే జట్టులోకి తీసుకుంటా" అన్నాడు. అతను చిన్నప్పుడు కోచమ్మతో కలిసి ఒకే జట్టులో ఆడాడు. పిల్లల ముందు ఆమె అతన్ని సార్ అంటుంది, ఎవరూ లేనప్పుడు తమ్ముడూ అంటుంది.

ఆ మాట విన్న పిట్ట ఆ సాయంత్రం ఇంటికి వెళ్లేముందు కంచెలోంచి వేళ్లు దూర్చి నున్నటి కోర్టును ముట్టుకుని చూసింది. ఆ పిల్లకు ఇంతకుమించి దేనిమీదా ఆశ ఉన్నట్టు ఎవరూ ఎప్పుడూ చూడలేదు.

శనివారం కోచమ్మ రొట్టె కొనడానికి బేకరీకి వెళ్లింది. గల్లా దగ్గర తల్లి ఉంది. లోపల బల్ల దగ్గర, స్టూలు మీద మోకాళ్లేసుకుని, పిట్ట ఒక కేకు మీదకు వంగి ఉంది. చేతిలో క్రీము పొట్లం. ఎవరిదో పుట్టినరోజు కాబోలు, గులాబీరంగు అక్షరాలు వరసగా, గుండ్రంగా, ముత్యాల్లా పడుతున్నాయి. కోచమ్మ ముచ్చటపడి చూస్తూ చూస్తూ ఉన్నట్టుండి బిగుసుకుపోయింది. ఆ పొట్లం ఉన్నది కుడిచేతిలో.

"ఏమే, నీది ఎడమచేతివాటం కదా?"

పిట్ట తలెత్తింది. "కాదు మేడం."

"ఇంట్లో అన్నీ కుడిచేత్తోనే చేస్తుందండీ. బడిలో రాసేది కూడా ఆ చేత్తోనే. ఏం, ఏమైంది మేడం?" అంది తల్లి కంగారుగా.

"మరి రాకెట్ ఎడమచేత్తో ఎందుకు పట్టుకుంటున్నావే?"

"మీరే కదా మేడం, మీరేం చేస్తే అది చెయ్యమన్నారు. మీ చెయ్యి ఇటువైపు ఉంటుంది" అని పిట్ట తన ఎడమ భుజాన్ని చూపించింది.

"మిగతా పిల్లలంతా ఇంకో చేత్తో ఆడుతుంటే చూళ్లేదా?"

"చూశాను. వాళ్లంతా తప్పు చేస్తున్నారు. మీరు తిడతారని నేను చెప్పలేదు."

కోచమ్మకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రొట్టె అక్కడే మరిచిపోయి ఇంటికొచ్చేసింది.

మొగుడు బస్సు డ్రైవరు. డ్యూటీ దిగి కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. విషయం విని పొట్ట పట్టుకుని నవ్వాడు. "అయితే ఇన్నాళ్లూ ఆ పిల్ల చేత బండిని రివర్సులో నడిపించావన్నమాట! అదీ ఎక్కడా గుద్దకుండా! నీకు కాదు, ఆ పిల్లకు దండం పెట్టాలి."

"నవ్వకండి. కుడిచేతివాటం పిల్లను పట్టుకుని ఎడమచేత్తో ఆడించాను. ఇప్పుడు మారిస్తే మళ్లీ మొదటికొస్తుంది, జట్టులో చోటు పోతుంది. మార్చకపోతే జన్మంతా నా పొరపాటును మోస్తుంది. వాళ్లమ్మ నన్ను నమ్మి పంపిందండీ."

డ్రైవరు నవ్వు ఆపాడు. "తమ్ముడికి చెప్పెయ్. దాచావంటే రేపు ఆ పిల్ల ముఖం చూడలేవు" అన్నాడు. అతను నిద్రపోయాక కూడా ఆమె వంటగదిలో నిలబడి తన కుడిచేతిని, ఎడమచేతిని మార్చి మార్చి చూసుకుంది. బంతి వైపు కూడా చూడకుండా, తననే చూస్తూ, వాటం కాని చేత్తో ఇంత ఆట కట్టుకుందా ఈ పిల్ల? తప్పు చేశానన్న బాధ ఒకవైపు, ఆ పిల్ల చేసిన పని తాలూకు అబ్బురం ఇంకోవైపు. ఏది ఎక్కువో ఆమెకే తెలియలేదు.

ఆదివారం నున్నటి కోర్టులో పెద్ద కోచ్ బంతులు వేశాడు. పిట్ట కొట్టింది. ఒక మూలకు వేస్తే ఒక మూల నుంచి, ఇంకో మూలకు వేస్తే ఇంకో మూల నుంచి. జట్టు పిల్లలు తమ ఆట ఆపేసి కంచెకు ఆనుకుని చూశారు. కోచమ్మ ఇక ఉండబట్టలేక అతన్ని పక్కకు పిలిచి, గుండె రాయి చేసుకుని, చెయ్యి సంగతి చెప్పేసింది.

అతను నోరు తెరిచాడు. తర్వాత డ్రైవరు కంటే గట్టిగా నవ్వాడు. "చెయ్యిదేముందక్కా! ఇప్పుడిది ఆ చేత్తోనే పుట్టినట్టు ఆడుతోంది. ఇంత చిన్న వయసులో నేర్చుకుంటే ఏ చేతిలోనైనా ఆట నిలుస్తుంది. నువ్వు చెడగొట్టింది ఏమీ లేదు, జట్టుకు ఒక ఎడమచేతి ప్లేయర్ని పుట్టించావు. ఏదీ, ఒక సర్వ్ చూద్దాం."

కోచమ్మకు ప్రాణం లేచొచ్చింది. పిట్ట గీత దగ్గర నిలబడింది. కుడిచేత్తో బంతి పైకి వేసింది, ఎడమచేత్తో రాకెట్ లేపింది. లేపిన భుజం సగంలో ఆగింది. తల ఒక పక్కకు వాలింది, మోచెయ్యి ముడుచుకుంది, నడుం వంకరపోయింది. బంతి మాత్రం పడాల్సిన గడిలోనే పడింది. కోచమ్మ ఇన్నాళ్లూ చూసింది అదొక్కటే.

పెద్ద కోచ్ నవ్వు ఆగిపోయింది. "ఇంకోటి" అన్నాడు. మళ్లీ అదే. ఇంకోటి. మళ్లీ అదే.

"అక్కా, నువ్వొకటి చెయ్యి."

"నేనెందుకు?"

"చెయ్యక్కా."

ఆమె చేసింది. అతను పిట్ట వైపు చూపించాడు. పిట్ట అలవాటు కొద్దీ కోచమ్మతోపాటే గాల్లో సర్వ్ చేసి, వంకరపోయిన నడుంతో, వాలిన తలతో అలాగే నిలబడి ఉంది. కోచమ్మ తనను తాను ఎదురుగా చూసింది. బతుకులో మొదటిసారి చూసింది.

ఆమె కుడిభుజం విరిగింది జట్టులో ఆడే రోజుల్లో. తడి కోర్టు మీద దూరంగా పోతున్న బంతి కోసం దూకి, ఆ భుజం మీదే పడింది. ఎముక అతికింది కానీ వంకరగా అతికింది. ఆ రోజు సాధనలో నెట్‌కు అవతల ఉన్నది ఈ తమ్ముడే. భుజం పైకి లేవకపోయినా తలా నడుమూ వంచి ఎలాగోలా నెట్టుకొస్తున్నాననీ, ఎవరికీ తెలియడం లేదనీ ఆమె అనుకుంటూ వచ్చింది. నిజానికి ఏ పిల్లకూ తెలియలేదు. మిగతా పిల్లలు పైపైన చూసి, తమ ఒంటికి తగ్గట్టు మార్చుకున్నారు. చూసినది చూసినట్టు చేసింది పిట్ట ఒక్కతే.

"నీ దెబ్బ కూడా నేర్చుకుందక్కా" అన్నాడు పెద్ద కోచ్ మెల్లగా. "నీకైతే ఆ భుజం లేవదు. దీనికేం ఖర్మ? ఇలాగే పెరిగితే రెండేళ్లలో మంచి భుజం కాస్తా పోతుంది. ఈ సర్వ్‌తో నేను తీసుకోలేను. వారం ఆగుతాను, సరిచెయ్యగలవేమో చూడు."

ఆ వారం కోచమ్మ పడని పాట్లు లేవు. "తల వంచకు, భుజం పూర్తిగా లేపు" అని చెప్పింది. పిట్ట బుద్ధిగా తలూపి, మళ్లీ అలాగే చేసేది. మాటలు ఆ పిల్లకు తలకెక్కేవి కావు. కళ్లతోనే నేర్చుకునే పిల్ల మరి. పళ్లు బిగించి తన భుజాన్నే పైకి లేపి చూపించబోయింది. నొప్పికి ముఖం ముడుచుకుపోయింది. మరుక్షణం పిట్ట ముఖం కూడా అలాగే ముడుచుకుంది. కోచమ్మ రాకెట్ కింద పెట్టేసింది. తను చూపించినకొద్దీ ఆ దెబ్బ పిల్ల ఒంట్లోకి ఇంకా లోతుగా దిగుతోంది. ఆ రాత్రి అన్నం సహించలేదు. డ్రైవరు పలకరిస్తే విసుక్కుంది, తర్వాత ఏడ్చింది.

శుక్రవారం ఆమె కంచె దగ్గరకు వెళ్లి, "సార్, మీ పొడుగు పిల్లను ఆదివారం నాకు కాసేపు అరువిస్తారా?" అని అడిగింది. పొడుగు పిల్ల జట్టులో అందరికంటే పెద్దది. మిగతా ఆట ఎలా ఉన్నా, సర్వ్ చేస్తే చూడముచ్చటగా ఉంటుంది. పెద్ద కోచ్ ఆమె ముఖంలోకి చూశాడు. ఆమె ఏం చెయ్యబోతోందో అతనికి అర్థమైంది. "సరే అక్కా" అన్నాడు, పిల్లలు వింటున్నారని కూడా చూడకుండా.

ఆదివారం పొడుగు పిల్లను పిట్టకు ఎదురుగా నిలబెట్టారు. పొడుగు పిల్ల సర్వ్ చేసింది. పిట్ట చూసింది, కానీ సగమే చూసింది. రాకెట్ ఎత్తే ముందు కళ్లు కోచమ్మను వెతుక్కున్నాయి. భుజం సగంలో ఆగింది. కోచమ్మ పక్కకు జరిగింది. కళ్లు అటు తిరిగాయి. కోర్టు చివర నీళ్ల ట్యాంకు చాటుకు వెళ్లింది. పిట్ట రాకెట్ దించి, ఆమె బయటికొచ్చేదాకా అటే చూస్తూ నిలబడింది.

కోచమ్మ వచ్చి ఆ పిల్ల ముందు మోకాళ్ల మీద కూర్చుంది.

"ఇక నన్ను చూడకమ్మా."

పిట్ట రాకెట్‌ను గుండెకు హత్తుకుంది. "నేనేం తప్పు చేశాను మేడం?"

"నువ్వేం తప్పు చెయ్యలేదు. నువ్వు చేసినంత బాగా ఎవరూ చెయ్యలేదు. నా భుజం ఎప్పుడో విరిగింది, అందుకని అది పైకి రాదు. నీది విరగలేదు. నన్ను చూస్తున్నంతసేపూ నీది కూడా విరిగిందనే అనుకుంటుంది. అక్కను చూడు. నన్ను చూసినట్టే అక్కను చూడు."

"మిమ్మల్ని అస్సలు చూడకూడదా?"

"చూడకూడదు" అంది కోచమ్మ.

పిట్ట పొడుగు పిల్ల వైపు తిరిగింది. ఈసారి పూర్తిగా తిరిగింది. పొడుగు పిల్ల ఒక సర్వ్ చేసింది, ఇంకొకటి చేసింది, ఇంకొకటి చేసింది. పిట్ట కదల్లేదు. ఆ పెద్ద కళ్లు రెప్ప వెయ్యలేదు. పక్క కోర్టు పిల్లలు ఎందుకో తెలియకుండానే మాటలు ఆపేశారు. పొడుగు పిల్ల అలిసిపోయి ఆగింది.

అప్పుడు పిట్ట బంతి పైకి వేసింది. ఎడమ భుజం లేచింది. సగం దాటింది. ఇంకా లేచింది. మునివేళ్ల నుంచి రాకెట్ కొస దాకా ఆ చిన్న ఒళ్లు ఒకే గీతలా సాగింది. తల వాలలేదు. రాకెట్ నట్టనడుమ బంతి తగిలిన చప్పుడు ఈతకొలను అవతల కాపలాదారుకు కూడా వినబడి ఉంటుంది.

కోచమ్మ ఈసారి బంతిని చూడలేదు, పిల్ల ఒంటిని చూసింది. ఆ సర్వ్‌లో భుజం ఒక్కటే పొడుగు పిల్లది. కాళ్లు తనవి, నడుం తిప్పడం తనది, మడమ లేవడం తనది. తడి కోర్టు మీద పడకముందు తను ఇలాగే కొట్టేదేమో. ఎలా కొట్టేదో తనకు తెలియదు, ఎవరూ చూపించలేదు. ఇప్పుడు ఈ పిల్ల, ఆ రోజుల్ని ఎరగని పిల్ల, కళ్లముందు చేసి చూపించింది. మనుషుల్లో ఇలాంటిది ఉంటుందని ఆమె ఎన్నడూ అనుకోలేదు. ఏడుపొచ్చింది, దాచుకోవడానికి ప్రయత్నించలేదు.

కంచె దగ్గర నిలబడి చూస్తున్న పెద్ద కోచ్ ముందుకొచ్చాడు. "రేపట్నుంచి నా కోర్టుకు వచ్చెయ్" అన్నాడు పిట్టతో.

పిట్ట ఎగిరి గంతేస్తుందని అందరూ అనుకున్నారు. ఆ పిల్ల రాకెట్ చంకలో పెట్టుకుని, తల దించుకుని, తిన్నగా కోచమ్మ దగ్గరకొచ్చి, ఆమె బూట్ల వైపు చూస్తూ అడిగింది.

"మరి మిమ్మల్ని ఎప్పుడు చూడాలి మేడం?"

"ఆట అయిపోయాక చూడవే. అప్పుడు ఎంతసేపైనా చూడు."

"ఇవాళ్టికి అయిపోయింది కదా" అంది పిట్ట.

తలెత్తి, ఎదురుగా నిలబడి, చూడటం మొదలుపెట్టింది. కోచమ్మకు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.